బ్రహ్మాండంగా ఉన్నాను

ముర్రావిడ్జీ గొర్రెల షెడ్డు
20 ఫిబ్రవరి 2019

నోలీన్ అక్కా,

ఇక్కడ అందరం క్షేమం, గొర్రెలు తప్ప. అవి రోజుకు పదకొండు వందల చొప్పున ఉన్ని ఒలిపించుకుని, సిగ్గుతో చచ్చిపోతూ బయటికి పరిగెడుతున్నాయి. నేను ఉన్ని కత్తిరించే పద్నాలుగు మంది మగాళ్ళకి పూటపూటా వండి పోస్తున్నా. టెర్రీ అని ఒకడున్నాడు. మొన్న నా మటన్ తిని "ఈ గొర్రె ముసలితనంతో పోయిందా, దిగులుతో పోయిందా" అన్నాడు. మర్నాడు పొద్దున వాడి పాన్‌కేకు మధ్యలో గుండ్రంగా కత్తిరించిన ఫ్లానెల్ గుడ్డ పెట్టి, పైన బెల్లం పాకం పోసి ఇచ్చా. పావుగంట నమిలాడు. "ఇవాళ బాగా కుదిరింది రోండా" అన్నాడు. అలాంటి వాడితో ఏం పెట్టుకుంటాం.

ఇక్కడ ఫోను పనిచేయదు. టపా బండి మంగళవారం, శుక్రవారం వస్తుంది. నీకూ ఇదే నయం కదా, ఫోను మోగితే పారిపోవాలనిపిస్తోందన్నావు. కాగితం మోగదు.

నీ దగ్గరున్న వారం రోజులూ తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటున్నా. ముఖ్యంగా ఆ ఆదివారం. నువ్వేమో నీళ్ళ ట్యాంకు కింద దూరి పంపు విప్పుతున్నావు. నేనేమో అరుగు మీద నీ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. హెడ్‌మిస్ట్రెస్‌లు సుఖంగా ఉన్నారా లేదా అని మీ విద్యాశాఖవాళ్ళు పంపే ఆ క్షేమం ఫారానికి అదే ఆఖరి రోజు. అరవై రెండు ప్రశ్నలు. నేను చదవడం, నువ్వు ట్యాంకు కింద నుంచి అరవడం.

"నిద్ర ఎలా పడుతోంది?"

"బ్రహ్మాండం. మూడింటికే తెల్లారిపోతోంది నాకు."

"పని మోయగలిగేంత ఉందా?"

"దూదిపింజలా ఉంది. ఇంకో రెండు బళ్ళు ఇమ్మను."

"పైవాళ్ళ నుంచి సాయం అందుతోందా?"

"ముంచెత్తుతున్నారు. పక్కకి జరగమను, ఊపిరాడట్లేదు."

నాకు నాన్న గుర్తొచ్చాడు. గడ్డి కట్టలు కట్టే యంత్రంలో చెయ్యి పడినప్పుడు, వంటింట్లోంచి అమ్మ "పని ఎలా సాగుతోంది" అని కేకేస్తే, ఆయన "బ్రహ్మాండం" అని కేకేసి, అప్పుడు కదూ కళ్ళు తిరిగి పడిపోయింది. చేతి నుంచి కారి, బూటు నిండా రక్తం. రెండు వేళ్ళు పోయాక కూడా ఎవరు పలకరించినా అదే మాట. మనకి ఆస్తి ఇవ్వలేదు గానీ ఆ మాట ఇచ్చి పోయాడు.

ఆఖరి బటన్ నొక్కగానే తెర మీద పసుపు పువ్వు ఒకటి విచ్చుకుని "ధన్యవాదాలు" అంది. మీ శాఖ నీకిచ్చిన పువ్వు అదొక్కటే అనుకుంటా, దాచుకోలేకపోయావు.

తిండి తిను. నీ ఫ్రిజ్‌లో ఆవాల సీసా, బ్యాటరీలు తప్ప ఏమీ లేవు.

నీ చెల్లెలు, తొమ్మిదో క్లాసుతోనే బడికి దణ్ణం పెట్టిన తెలివైనది,
రోండా


తారాబుల్లా బడి
9 మార్చి 2019

రోండా,

నీ ఉత్తరం చదివి టెర్రీ మీద జాలి పడ్డాను. ఫ్లానెల్ గుడ్డ ఉతికిందేనా?

ఇక్కడ వాన లేదు. మైదానంలో గడ్డి పోయి మన్ను తేలింది, పిల్లలు పరిగెడితే తరగతి గదిలోకి ఎర్రటి దుమ్ము. పదిహేడు మంది మిగిలారు. సగం రోజులు వచ్చే టీచరమ్మ మొగుడికి రేవు పట్నంలో పని దొరికి వెళ్ళిపోయింది. ఆమె బదులు ఎవరూ రాలేదు. ఇప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా నేనే, బస్సు నేనే, మరుగుదొడ్లు నేనే. నిన్న ఆడపిల్లల దొడ్లో పాము. ఈసారి నిజం పామే, నువ్వు పెట్టే రబ్బరుది కాదు. ఒకటో తరగతి వాళ్ళకి "నేను వచ్చేదాకా లెక్కపెడుతూ ఉండండి" అని చెప్పి పార తీసుకుని వెళ్ళాను. వచ్చేసరికి నాలుగు వందలకి చేరారు.

కాల్ హాడ్రెల్ తన గొర్రెల్లో మిగిలినవాటిని తనే తుపాకీతో కాల్చేశాడు. కొనేవాడు లేడు, మేత లేదు. వాడి కూతురు, మా బడి పిల్ల టిల్లీ తొమ్మిది రోజులుగా మాట్లాడటం లేదు. కాల్ వచ్చి నా గదిలో కూర్చుంటాడు. నేను కాగితాలు సర్దుతూ ఉంటాను. ఊరి జనంలో మూడోవంతు ఆ కుర్చీలో కూర్చున్నారు ఈ నెలలో. అందరూ పోతూ పోతూ "నువ్వు ఎలా ఉన్నావు నోలీన్" అంటారు, తలుపు మీద చెయ్యి వేసి, సగం బయటికెళ్ళి. ఏం చెప్తానో నీకు తెలుసు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఒక టర్మ్, అంటే పది వారాలు, సెలవు అడిగాను. పదకొండేళ్ళలో మొదటిసారి. నా బదులు ఒకరిని పంపితేనే కదలగలను. లేకపోతే బడి మూసి పిల్లల్ని తొంభై కిలోమీటర్లు బస్సులో తోలుతారు, ఐదేళ్ళ పిల్లల్ని కూడా. పంపాలా వద్దా అన్నది ఆ క్షేమం ఫారం చూసి తేలుస్తారట. అందులో ఎరుపు చుక్క పడితే మనిషిని పంపి తీరాలి, అది రూలు.

అందుకే నాకు ధైర్యంగా ఉంది. ట్యాంకు కింద నుంచి నేను వాగినవన్నీ సరదాకి. వారమంతా నన్ను దగ్గరుండి చూశావు. నువ్వు చూసింది చూసినట్టు నొక్కి ఉంటావు. నాకంటే నువ్వే సరిగ్గా చెప్పగలవు.

పిల్లలకి గోరువంకల గూడు దొరికింది. దాని గురించి తర్వాత రాస్తాను.

నోలీన్


విల్గా డౌన్స్ షెడ్డు
24 మార్చి 2019

అక్కా,

షెడ్డు మారాం, అందుకే ఆలస్యం. ఈ వంటింట్లో పొయ్యి రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన పక్షంది.

ఫారం సంగతి నువ్వేం బెంగపెట్టుకోకు. జాగ్రత్తగానే నింపా.

ఊరికే అడుగుతున్నా, ఒకసారి పంపేశాక అవి మళ్ళీ మార్చడానికి ఉంటుందా? నాకేం లేదు. టెర్రీ అడుగుతున్నాడు, వాడి లైసెన్సు ఫారంలో వయసు తప్పు పడిందట.

ఇంకోటి, ఆ ఫారాలు మనుషులే చదువుతారా? కాఫీ తాగుతూ ఎవడో ఒకడు చదివి నవ్వుకుంటాడు కదా. నవ్వి, "పాపం, ఈవిడ చచ్చిపోతోంది" అని పక్కవాడికి చెప్తాడు కదా. నేనైతే అలా అనుకున్నా. అంటే, అనుకుంటున్నా.

బంగాళదుంప ముద్దలో నీలం రంగు కలిపా మొన్న. ఎవడూ ఏమీ అనకుండా తినేశారు. ఈ షెడ్డులో నాకు విలువ లేదు.

సెలవు దొరగ్గానే సముద్రం దగ్గరికి పో. పోయి, ఎవరైనా "మిస్" అని పిలిస్తే తిరిగి చూడకు.

రోండా


తారాబుల్లా బడి
17 మే 2019

రోండా,

సెలవు ఇవ్వలేదు.

ప్రాంతీయ అధికారి ఫెర్నీ గారు రాశారు. మా ప్రాంతంలోని నలభై బళ్ళలో నా క్షేమానికే అందరికంటే ఎక్కువ మార్కులట. కరువులో కూడా చెక్కుచెదరని మనోబలం అట. ఎరుపు చుక్క లేదు. పసుపు చుక్క కూడా లేదు. అన్నీ ఆకుపచ్చే. అందువల్ల నా సెలవు ఆపి, ఆ మనిషిని "అవసరం ఉన్న" ఇంకో బడికి పంపారు. ఇంకో ఇద్దరు కొత్త హెడ్‌మిస్ట్రెస్‌లకి ధైర్యం చెప్పే పని నాకు అప్పగించారు, వారం వారం ఫోనులో. నా ఫోటో తీసుకెళ్ళారు, పత్రికలో వేస్తారట. నవ్వమన్నారు. నవ్వాను.

పొరపాటు జరిగిందని ఆఫీసుకి ఫోను చేశాను. ఆ అమ్మాయి "మెషిన్ మార్కులేసింది మీ జవాబులకే కదండీ" అంది. అవును, నా పేరుతోనే ఉన్నాయి.

ఏం నొక్కావు రోండా?

నోలీన్


కుర్రంబీన్ షెడ్డు
1 జూన్ 2019

అక్కా,

నువ్వు చెప్పింది చెప్పినట్టు నొక్కా.

నువ్వు "బ్రహ్మాండం" అంటే "చాలా బాగుంది" నొక్కా. "దూదిపింజ" అంటే "భారం ఏమాత్రం లేదు" నొక్కా. "ముంచెత్తుతున్నారు" అంటే "సాయం పుష్కలంగా అందుతోంది" నొక్కా. అరవై రెండూ అలాగే. నొక్కినప్పుడల్లా నవ్వా. పెద్ద తమాషా చేస్తున్నాననుకున్నా. అంత సుఖంగా ఉన్న మనిషి భూమ్మీద ఉండదు కదా, చూసినవాడికి అనుమానం రాదా అనుకున్నా. మెషిన్ చదువుతుందని నాకు తెలీదు. మెషిన్‌కి నాన్న తెలీడు.

మార్చిలో నీ ఉత్తరం చూడగానే నేనేం చేశానో తెలిసిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. టెర్రీ లైసెన్సు అని అబద్ధం చెప్పా. వాడికి లైసెన్సే లేదు.

నీ ఫ్రిజ్ చూశా. నీ దువ్వెన నిండా రాలిన వెంట్రుకలు చూశా. బస్సు తాళం గుత్తితో సహా గుప్పిట్లో పట్టుకుని కుర్చీలో నిద్రపోయావు, అదీ చూశా. చూసి, ఆ తాళాల గుత్తికి ఆవు గంట కట్టా, లేవగానే ఉలిక్కిపడతావని. నా బుద్ధి అంత.

నన్ను తిట్టు. ఇంత పొడుగు ఉత్తరం రాసి తిట్టు. ఫెర్నీకి కూడా రాస్తున్నా, ఆ జవాబులు నావి, మా అక్కవి కావు అని. స్పెల్లింగులు టెర్రీ చూస్తున్నాడు, కాబట్టి దేవుడే దిక్కు.

రోండా


కుర్రంబీన్ షెడ్డు
20 జూలై 2019

అక్కా,

ఏడు వారాలైంది. కోపం వచ్చిందని తెలుసు, రావాలి కూడా. కానీ నువ్వు తిట్టకపోతే నాకు ఏ పనీ తోచట్లేదు. చిన్నప్పుడు నీ జడ వెనక బెంచీకి కట్టేసినప్పుడు కూడా రెండు రోజులే మాట్లాడలేదు నువ్వు.

ఫెర్నీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మా సేవ మీకు ఎంత తృప్తినిచ్చిందో ఒకటి నుంచి పది లోపు తెలపండి" అని, వెంట ఒక ఫారం. సున్నా వేద్దామంటే సున్నా లేదు. ఈసారి ఏదీ నొక్కకుండా పొయ్యిలో పెట్టా.

ఈ ఉత్తరంతో పాటు ఒక బిస్కెట్ల డబ్బా పంపుతున్నా. నేను చేసిన అల్లం బిస్కెట్లే. పిల్లలతో కలిసి తిను. నాతో మాట్లాడకపోయినా పర్లేదు, ఒక్కసారి నవ్వు.

రోండా


జిల్లా ఆసుపత్రి, మూడో వార్డు
2 సెప్టెంబరు 2019

రోండా,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు చూసి భయపడకు.

నాకు నీ మీద కోపం లేదు. నీ జూన్ ఉత్తరం నిన్ననే విప్పాను. కాల్ హాడ్రెల్ నా బట్టలతో పాటు నా బల్ల మీది టపా అంతా సంచిలో వేసి పంపాడు. మే నెల నుంచి నేను కవర్లు విప్పడం మానేశాను. కవరు చూస్తే చెయ్యి ముందుకి వచ్చేది కాదు. శాఖవి, తల్లిదండ్రులవి, నీవి, అన్నీ ఒకే కట్ట. నీ డబ్బా మాత్రం విప్పాను. అది కవరు కాదు కదా.

పొద్దున టీ వేళ తరగతి గదిలోనే విప్పాను. పదిహేను మంది చుట్టూ నిలబడ్డారు. మూత తీయగానే నువ్వు దాచిన స్ప్రింగు పాము ఎగిరి వచ్చి నా ముక్కుకి తగిలింది. పిల్లలు విరగబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో. తర్వాత పిల్లలు ఆపేశారు, నాది ఆగలేదు. అది నవ్వు కాదని ఎక్కడో మధ్యలో తెలిసింది. కింద కూర్చున్నాను. లేవమని నా కాళ్ళకి చెప్పాను, అవి వినలేదు. టిల్లీ వచ్చి నా భుజం మీద చెయ్యేసి "లేవక్కర్లేదు మిస్" అంది. మార్చి నుంచి ఆ పిల్ల నోట నేను విన్న మొదటి మాట అది. తనే వెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోను చేసింది.

బిస్కెట్లు బాగున్నాయట. పిల్లలు తిన్నారు.

బడికి ఒక రిటైరైన ముసలాయన వచ్చాడు, సెప్టెంబరు సగం దాకానే ఉంటాడు. తర్వాత నేను వెళ్ళాలి, లేదా బడి మూస్తారు.

ఇక్కడి డాక్టరు కుర్రవాడు, మంచివాడే. చేతిలో పలక లాంటిది పట్టుకుని రోజూ పొద్దున వస్తాడు. "ఎలా ఉన్నారు" అంటాడు. ఏడుద్దామని నోరు తెరుస్తాను. "బ్రహ్మాండం" అని వస్తుంది. ఆయన రాసుకుంటాడు.

నోలీన్


కుర్రంబీన్ షెడ్డు
7 సెప్టెంబరు 2019

అక్కా,

ఆ డబ్బా పెట్టినందుకు నా చేతులు విరగ. దాని గురించి ఎదురుగా కూర్చుని తిట్టించుకుంటా. వచ్చే శనివారం దాకా ఇక్కడి నుంచి మనుషుల్ని ఎక్కించుకునే బండి లేదు. పద్నాలుగో తారీఖు ఉన్ని లారీ ఎక్కి పట్నం వస్తా. ఆసుపత్రిలోనే ఉండు. ఎవరు పొమ్మన్నా పోకు.

ఈలోగా ఇందులో పెట్టిన చీటీ ఆ డాక్టరుకి ఇవ్వు. నీ నోటితో ఏమీ చెప్పకు, నీ నోరు నాన్నది. చీటీ ఇచ్చి గోడకేసి తిరిగి పడుకో.

"డాక్టరు గారికి. ఈ పేషెంటు మాట్లాడే భాష మీకు రాదు. అర్థాలు ఇవి.
పర్లేదు అంటే రెండు రోజులుగా తినలేదు.
కొంచెం అలిసిపోయా అంటే లేచి నిలబడలేకపోతోంది.
నాకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళున్నారు అంటే ఆ వెధవలందరూ ఈమె గదికే వస్తారు.
వచ్చే వారం బడికి వెళ్తా అంటే తలుపుకి తాళం వేయండి.
బ్రహ్మాండం అంటే బూటు నిండా రక్తం. దయచేసి బూటు విప్పి చూడండి.
ఇట్లు, చెల్లెలు. నేను పచ్చి అబద్ధాలకోరును, ఎవరినడిగినా చెప్తారు. ఇది మాత్రం నిజం."

దీనికి నాలుగు కాగితాలు చించేశా. టెర్రీ చదివి బయటికెళ్ళిపోయాడు, చాలాసేపు లోపలికి రాలేదు.

రోండా


జిల్లా ఆసుపత్రి
12 సెప్టెంబరు 2019

రోండా,

చీటీ ఇచ్చాను. నువ్వు చెప్పినట్టే గోడకేసి తిరిగి పడుకున్నాను.

ఆయన చదువుతూ నవ్వడం వినిపించింది. నర్సుని పిలిచి బూటు మాట చదివి వినిపించాడు. "మీ చెల్లెలు భలే తమాషా మనిషండీ, ఇలాంటి కుటుంబం వెనక ఉంటే త్వరగా కోలుకుంటారు" అన్నాడు. అది కూడా పలకలో రాసుకున్నాడు. గోడ మీద నా ఫోటో ఉన్న పత్రిక ఎవరో అంటించారు, నర్సులకి నేనంటే గౌరవం. మంచాలు చాలట్లేదట. రేపు పొద్దున పంపించేస్తున్నారు. మంగళవారం బడి. కాల్ వచ్చి తీసుకెళ్తానన్నాడు. నేను సరేనన్నాను.

నువ్వు శనివారం ఇక్కడికి వచ్చేసరికి ఈ మంచం మీద వేరే ఎవరో ఉంటారు. టపాలో వేస్తే నువ్వు బయల్దేరేలోపు ఈ ఉత్తరం అందుతుందో లేదో తెలీదు. అందుకే దీన్ని టపాలో వేయట్లేదు. నర్సు దగ్గర పెడుతున్నాను, నీ పేరుతో. పెద్ద గొంతుతో ఒకావిడ వచ్చి గొడవ చేస్తుంది, ఆమెకి ఇవ్వండి అన్నాను.

నీకు ఇంకోటి చెప్పాలి. ఆ ఆదివారం పంపుకేమీ కాలేదు. మోటారు బాగానే తిరుగుతోంది. ఆ ఫారం ముందు అంతకు ముందు మూడు రోజులు కూర్చున్నాను. మొదటి ప్రశ్న దాటలేకపోయాను. నాకు చేతకావట్లేదు అని నా చేత్తో నొక్కలేకపోయాను. అందుకే నీ ఒళ్ళో పెట్టి, నట్లు విప్పుకుంటూ ట్యాంకు కింద పడుకున్నాను. నా మొహం నీకు కనపడదని. నువ్వు నవ్వుతుంటే ఇంకా గట్టిగా అరిచాను. ప్రతి ప్రశ్నకీ అనుకున్నాను, ఈసారి లాప్‌టాప్ పక్కన పెట్టి, కిందికి వంగి చూస్తావని.

రోండా, నేను బాగాలేను. ఒంట్లోనూ బాగాలేదు, మనసూ బాగాలేదు. పిల్లల పేర్లు మర్చిపోతున్నాను. మంగళవారం ఆ బస్సు ఎక్కితే దాన్ని రోడ్డు మీదే ఉంచగలనని నాకు నమ్మకం లేదు. ఇది రాయడానికి పొద్దున్నుంచీ పట్టింది. ఇందులో ఒక్క మాట కూడా సరదాకి లేదు.

మంగళవారం లోపు బడికి రా. వచ్చాక నేను ఏం చెప్పినా వినకు. బస్సు తాళాలు తీసుకో.

నోలీన్